నాలుగో గిన్నె

ఓడ ఉల్సాన్‌లో డ్రై డాకెక్కింది,
పొట్ట కింద నాచు గీకడానికి నాలుగు రోజులు.
ఇంజన్ చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదు.
బస్సెక్కి చివరి స్టాపు దాకా టికెట్టు కొన్నాను.

చివరి స్టాపులో కొండ, కొండ మీద భిక్షుణుల ఆరామం.
చూరుకు వేలాడే రేకు చేప
గాలికి గంట మోగిస్తోంది.
నీళ్లు లేని చోట చేపేమిటని అడిగితే
"చేప కన్ను మూయదు" అంది హ్యెవొన్ సునిమ్, ఓడల ఇంగ్లీషులో.
గుండు చేయించుకోక ముందు
పద్దెనిమిదేళ్లు బుసాన్ రేవులో కస్టమ్స్ గుమాస్తా.

తెల్లవారుజామున మూడున్నరకి కొయ్యబుర్ర టకటక.
నూటెనిమిది సాష్టాంగాలు.
ముప్పై ఏడు దగ్గర నా లెక్క తప్పింది.
పక్క ముసలమ్మ మోకాళ్లు పటపటమన్నాయి, ఆవిడ ఆగలేదు.
నేనే ఆగాను.
ఎదురుగా మూడు బంగారు బుద్ధులు;
వాళ్ల కంటే ఎక్కువసేపు
ఆవిడ సాక్సు మడమ దగ్గరి అతుకునే చూశాను.

ఆరింటికి తిండి.
ఒకదానిలో ఒకటి ఇమిడే నాలుగు గిన్నెలు,
అన్నానికి, చారుకి, కూరకి,
నాలుగోది వట్టి నీళ్లకి.
మాట వద్దు, చప్పుడు వద్దు, మెతుకు మిగలొద్దు.
చివర్లో ఒక ముల్లంగి ముక్కతో గిన్నెలు తోమి
ఆ కడుగు నీళ్లు తాగెయ్యాలి.

మాది గ్లాసు పెదవికి తగలకుండా
ఎత్తి పోసుకునే కొంప.
ఎంగిలి అన్న మాటకి
నా నాలుక ఇప్పటికీ వెనక్కి ముడుచుకుంటుంది.
కళ్లు మూసుకుని తాగేశాను.
గండం గడిచిందనుకున్నాను.

అప్పుడొచ్చింది బాల్చీ.
నాలుగో గిన్నెలో చివరిగా కడిగిన నీళ్లు
అందరూ అందులో వొంపారు.
అవి ఆకలి ప్రేతాలకట.
వాటి గొంతు సూది బెజ్జమంత,
నలుసు అడ్డం పడితే మంటలు లేస్తాయట.

పెద్ద సునిమ్ బాల్చీలోకి తొంగి చూసింది.
చూస్తూనే ఉండిపోయింది.

ఒక మిరప్పొట్టు.
గోటి ముక్కంత కూడా లేదు,
ఎర్రగా, తాపీగా తేలుతోంది.
కిమ్చీ రెండోసారి వడ్డించుకున్నది నేనొక్కణ్ణే.

ఎవరూ నా వైపు చూడలేదు.
చూస్తే బావుండేది.

బాల్చీ వెనక్కి తిరిగింది.
పద్నాలుగు గిన్నెల్లో తలా కాస్త.
మోకాళ్ల ముసలమ్మ తాగింది,
కస్టమ్స్ గుమాస్తా తాగింది,
సెలవులకొచ్చిన స్కూలు పిల్ల ముక్కు మూసుకోకుండా తాగింది.
మిరప్పొట్టు ఎవరి వాటాకి పోయిందో తెలీదు.
నా గిన్నెలోకి మాత్రం రాలేదు.

పదిహేను పీపీఎం.
పది లక్షల పాళ్ల నీటిలో పదిహేను పాళ్ల నూనె,
అది దాటితే ఓడ అడుగు నీళ్లు సముద్రంలోకి వదలకూడదు.
కిందటేడు మలక్కా దాటిన రాత్రి
సెపరేటర్ మొరాయించింది.
మీటరుకు మంచినీళ్లు చూపించి
పుస్తకంలో పన్నెండు అని రాశాను.
సంతకం చాలా అందంగా కుదిరింది.
మా వెనక నీళ్ల మీద రంగులు తేలే ఉంటాయి,
చీకట్లో ఎవరు చూడొచ్చారు?
ఏ గొంతు ఎంత సన్ననో
ఎవరు కొలిచారు?

గిన్నెలు గుడ్డలో మూటగడుతూ
హ్యెవొన్ సునిమ్‌కి ఇది చెప్పాను.
ముడి బిగించింది.
"ఆ పుస్తకాలు నేనూ తిప్పేదాన్ని" అంది,
"అన్నిట్లోనూ పన్నెండే ఉండేది."
ఇంకేమీ అనలేదు.
నా గిన్నెల మూట వదులుగా ఉందని
విప్పి మళ్లీ కట్టమంది.

దిగేటప్పుడు వంటశాల ఆవిడ
బానలో అడుగంటిన మాడు చెక్క
కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది.
బస్సులో కొరికాను. కరకర.
ఒక పలుకు ఒళ్లో రాలింది,
వేలు తడి చేసి అద్దుకుని తిన్నాను.
ఇంకొకటి సీటు కింద పడింది.
డ్రైవరు అద్దంలోంచి చూస్తున్నాడు.

వంగాను.